సంతకం తరువాతి చదువు

జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడమూ రాయడమూ రెండూ వచ్చిన మనిషి అక్షరాస్యుడు. చదవడం వచ్చి రాయడం రానివారు ఆ లెక్కలోకి రారు. బడికి వెళ్లి ఉండాలన్న నిబంధన మాత్రం లేదు. ఈ కొలతతో చూస్తే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం కాగా, పురుషులలో అది 74.88 శాతం, స్త్రీలలో 59.15 శాతం. రేవు, ఉక్కు కర్మాగారం, విశ్వవిద్యాలయం అన్నీ ఉన్నా, మన్యం మండలాలు కూడా కలిసి ఉన్న అప్పటి విశాఖపట్నం జిల్లా 66.91 శాతంతో రాష్ట్ర సగటుకు కాస్త కిందనే నిలిచింది. అయితే వయోజన విద్యలోని అసలు చిక్కు ఈ అంకెలలో కనిపించదు. లెక్క రాసుకునేవారు ఎవరికీ పరీక్ష పెట్టరు, ఇంటివారు చెప్పినదే నమోదు చేస్తారు. అందువల్ల తన పేరు రాయగలిగి జీతం స్లిప్పు చదవలేని మనిషి, బస్సు బోర్డు ఆనవాలు పట్టగలిగి మందు చీటీ మీది తేదీ పోల్చుకోలేని మనిషి ఏ గడిలో చేరారో తెలుసుకునే వీలు ఉండదు. ఈ అధ్యాయం ముఖ్యంగా అటువంటి నడిమి స్థితిలో ఉన్నవారి గురించి, వారి పక్కన కూర్చుని నేర్పవలసినవారి గురించి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి కూర్మన్నపాలెం కంటే తగిన చోటు విశాఖ చుట్టుపక్కల దొరకదు. జాతీయ రహదారి పక్కన, ఉక్కు కర్మాగారపు ముఖద్వారానికి దగ్గరగా ఉన్న ఈ కూడలి మీదుగా రోజూ పనికి వెళ్లేవారిలో కర్మాగారపు పర్మనెంటు ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలోకి వెళ్లే ఆడవాళ్లు, పరవాడ ఫార్మా సిటీకి వెళ్లే కుర్రవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వచ్చిన తాపీ పనివారు, ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన కూలీలు అందరూ ఉంటారు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారం కోసం దాదాపు 64 గ్రామాల వారు భూములు వదులుకున్నారు. వారి కుటుంబాలకు ఇచ్చిన పునరావాస కార్డును, అంటే నిర్వాసితులకు ఉద్యోగంలోనూ ఇళ్ల స్థలంలోనూ ఉన్న అర్హతను తెలిపే పత్రాన్ని, ఇక్కడ అందరూ ‘ఆర్-కార్డు’ అంటారు. పరిహారం రసీదు, ఆర్-కార్డు, ఇంటి స్థలం పట్టా, ఇలా ఒక తరం బతుకును మలుపు తిప్పినవన్నీ కాగితాలే కాగా, ఆ కాగితాలను తమంతట తాము చదువుకోగలిగిన రైతులూ మత్స్యకారులూ ఆ రోజుల్లో ఎంత తక్కువగా ఉండి ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఇప్పటి తరానికి ఆ స్థానంలో గేటు పాసు, హాజరు మస్టరు, పీఎఫ్ పాస్‌బుక్కు, డ్వాక్రా సంఘం పుస్తకం, ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశం ఉన్నాయి.

వయోజన విద్యలో ‘వ్యవహార అక్షరాస్యత’ అనే మాట తరచుగా వాడతారు. మనిషి తన పనిలోనూ ఇంటిలోనూ ఊరిలోనూ ఎదురయ్యే రాతను అర్థం చేసుకుని, దాన్ని బట్టి నిర్ణయం తీసుకోగలిగిన స్థాయి అని దాని అర్థం. ‘సంఖ్యాజ్ఞానం’ అంటే అంకెలు రాయడమే కాదు, కొలతను, ధరను, వడ్డీని, గడువును పోల్చి చూసి ఇది సబబా కాదా అని తేల్చుకోవడం. 1988 మేలో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ ఈ రెంటికీ స్పష్టమైన కొలబద్దలు పెట్టింది: నిమిషానికి 30 మాటల వేగంతో పైకి చదవడం, 35 మాటల వేగంతో మనసులో చదువుకోవడం, నిమిషానికి ఏడు మాటలు చూసి రాయడం, చెబుతుండగా అయిదు మాటలు రాయడం, నూరు వరకు అంకెలు, మూడంకెల కూడికలు, తీసివేతలు, రెండంకెల గుణకార భాగహారాలు, తూనికలు, కొలతలు, కాలం, నిష్పత్తి, వడ్డీల గురించి స్థూలమైన అవగాహన. మూడు వాచకాలుగా విభజించి, సుమారు 200 గంటలలో ఇవన్నీ సాధించవచ్చని ఆ మిషన్ అంచనా వేసింది. ఈ కొలబద్దలను ఇంతకాలం తరువాత చదివినా వాటిలో అనవసరమైనది ఒక్కటీ కనిపించదు. వాటిని పక్కన పెట్టి సంతకాన్నే గమ్యంగా చూపిన చోట మాత్రం నష్టం జరిగింది.

సంతకం నేర్పడం తప్పు కాదు. వేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడు కలిగే చిన్నతనం నిజమైనది, సంతకం చేసిన నాడు కలిగే ధైర్యమూ నిజమైనదే. కానీ వేలిముద్ర వేసే మనిషికి కాగితం చదివి వినిపించి, సాక్షుల ఎదుట ఒప్పించడం దస్తావేజులు రాసేచోటా బ్యాంకులలోనూ ఉన్న ఆనవాయితీ. సంతకం పెట్టగానే ఆ మనిషి కాగితాన్ని చదువుకున్నాడని ఎదుటివారు అనుకుంటారు, చట్టమూ సాధారణంగా అలాగే భావిస్తుంది. కాబట్టి సంతకంతో ఆగిపోయిన చదువు మనిషికి ఉన్న చిన్న రక్షణను తీసివేసి, దానికి బదులుగా ఏ రక్షణా ఇవ్వదు. ఖాళీ కాగితం మీద, నింపని ప్రాంసరీ నోటు మీద, ఇంగ్లిషులో ఉన్న కాంట్రాక్టు పత్రం మీద సంతకాలు చేసి చిక్కుల్లో పడే ప్రమాదం పూర్తిగా చదువురానివారికంటే సంతకం మాత్రమే వచ్చినవారికే ఎక్కువన్నది ఈ అధ్యాయపు అభిప్రాయం. సంతకం నేర్చుకున్న వారం లోపే, సంతకం పెట్టే గీతకు పైన ఉన్న అంకెనూ తేదీనీ చదవడం నేర్పడం అందుకే మొదలుపెట్టాలి.

వాచకంలోని పాఠం నేర్చుకునేవారి జీవితాన్ని తాకితే ఏం జరుగుతుందో తెలుగు నేల మీద ఒకసారి తేటతెల్లమైంది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగిన రోజుల్లో వాచకంలో ఉన్న సీతమ్మ కథ సారా వల్ల కుటుంబం చితికిపోవడాన్ని వివరించేది. రాత్రి తరగతులకు వచ్చిన స్త్రీలు ఆ పాఠాన్ని చదివి వదిలేయలేదు, తమ ఊరి సంగతిగా చర్చించుకున్నారు. 1992 ప్రాంతంలో దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన పోరాటం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. ఈ కథలో రాజకీయ ఫలితమే ఎక్కువగా చెప్పుకుంటారు గాని, బోధనకు సంబంధించిన పాఠం దానికంటే విలువైనది. ఆ వెంటనే అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పుట్టాయి. పొదుపు మొదలైతే పుస్తకం రాయాలి, రాయాలంటే అంకెలు రావాలి, అంకెలు వచ్చాక వడ్డీ అడగాలి. అంటే అక్షరం తరువాత లెక్కను నేర్పింది ఏ వాచకమూ కాదు, అవసరమే. తరువాతి కాలంలో రాష్ట్రమంతటా విస్తరించిన డ్వాక్రా ఉద్యమానికి ఈ అనుభవం ఎంతో బలాన్నిచ్చింది.

ఇదే సూత్రాన్ని బోధనా పద్ధతిగా మలిచినవాడు బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే. 1963లో ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలోని ఆంజికోస్ పట్టణంలో దాదాపు 300 మంది కూలీలకు 40 గంటల బోధనతో చదువు నేర్పే ప్రయత్నం చేశాడు. అక్షరమాలతో మొదలుపెట్టకుండా, నేర్చుకునేవారి నోట నానే మాటలను ఎంచుకుని, వాటిని విడదీసి, విడిపోయిన అక్షరాలతో కొత్త మాటలు కట్టించడం అతని పద్ధతి. ఇటువంటి మాటలను ‘మూలపదాలు’ అనవచ్చు. తెలుగులో ఇదే దారిలో సాగిన మరో ప్రయత్నం 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ తన మాజీ సారథి ఎఫ్.సి. కోహ్లి ప్రోత్సాహంతో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో మొదలుపెట్టిన కంప్యూటరు బోధన. మాటలను బొమ్మలుగా చూపి, సుమారు 40 గంటల్లో పత్రిక చదివే స్థితికి తేవడం దాని లక్ష్యం. చదవడం త్వరగా పట్టుబడటం దాని బలం కాగా, రాతకూ లెక్కకూ అది ఇచ్చిన చోటు తక్కువ. ఆ రెండూ లేకపోతే చదువు సగమే.

కూర్మన్నపాలెంలో నేర్పేవారికి మూలపదాల కోసం వెతుకులాట అక్కర్లేదు, బస్సు బోర్డుల మీదనే ఉన్నాయి. ‘గాజువాక’ అనే మాటలో ఒత్తులు లేవు, సున్న లేదు. ఉన్నవి నాలుగే అక్షరాలు, మూడే గుణింతపు గుర్తులు: తలకట్టు, దీర్ఘం, కొమ్ము. ఈ మాటను రోజూ చూసే మనిషి దాన్ని బొమ్మగా ఇదివరకే గుర్తుపడతాడు కాబట్టి, తొలిరోజు దానిని నాలుగు చీటీలుగా కత్తిరించి, గ, జ, వ, క అనే నాలుగు హల్లులకూ ఆ మూడు గుర్తులూ పెట్టి చదివిస్తే పన్నెండు అక్షరాలు చేతికి వస్తాయి. వాటితో గాజు, వాగు, జావ, కాజా, కాగు వంటి మాటలు నేర్చుకునేవారే కడతారు. తాను కట్టిన మాటను తానే చదివిన మనిషికి చదువు ఇంకొకరి సొత్తు కాదన్న నమ్మకం కలగడం ఆ రోజే మొదలవుతుంది. ఓనమాలతో మొదలుపెట్టి ఋ, ౠ, ఙ, ఞ దాకా వరుసగా దిద్దించే పద్ధతి పిల్లలకు ఎలా ఉన్నా, షిఫ్టు దిగి వచ్చిన నలభై ఏళ్ల మనిషి చేత రోజువారీ రాతలో చాలా అరుదుగా కనిపించే అక్షరాలను దిద్దించడం అతని కాలాన్ని అగౌరవపరచడమే.

ద్విత్వాక్షరాలు, అంటే ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా చేరిన అక్షరాలు, రెండో మెట్టు. వాటికి కూడా ఇక్కడి గోడల మీదే పాఠం ఉంది. 1966 నాటి ఉద్యమం నుంచి వినిపిస్తున్న ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అనే నినాదం, 2021 ఫిబ్రవరి నుంచి ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో సాగిన నిరాహార దీక్షల శిబిరం వల్ల ఈ తరానికీ కంఠతా వచ్చింది. కంఠతా వచ్చిన వాక్యాన్ని వేలు పెట్టి చదివించినప్పుడు ఉక్కు, హక్కు అనే మాటలలో ఒకే అక్షరం ఉన్నదని నేర్చుకునేవారే కనిపెడతారు; దానితో లెక్క, చెక్కు, మొక్క, ముక్కు అంది వస్తాయి; దువ్వాడ, అమ్మ, అప్పు, డబ్బు, గడ్డి అనే మాటలతో మిగిలిన ద్విత్వాలు వస్తాయి. వేర్వేరు హల్లులు కలిసే సంయుక్తాక్షరాలకు పెదగంట్యాడ, కర్మాగారం, కార్డు సరిపోతాయి. చివరకు ‘కూర్మన్నపాలెం’ అనే పేరును ఆగకుండా చదివి రాయగలిగితే, దీర్ఘపు కొమ్ము, సంయుక్తాక్షరం, ద్విత్వం, ఎత్వం, సున్న అన్నీ పట్టుబడినట్టే లెక్క.

పోలికలు దగ్గరగా ఉన్న అక్షరాల విషయంలో తొందర పనికిరాదు. ప, వ, ష ఒక గుంపు. మ, య మరొకటి. న, స ఇంకొకటి. ద, ధ, థ వేరొకటి. ఒక గుంపులోని రెండక్షరాలను ఒకే వారంలో నేర్పితే అవి నెలల తరబడి తారుమారవుతాయి, ఎడం పెట్టి నేర్పితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

వాచకపు భాషకూ నేర్చుకునేవారి భాషకూ ఉన్న దూరాన్ని కూడా బోధకులు గుర్తించాలి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవారు ‘సేసినాను’, ‘వత్తన్నాను’ అంటారు, వాచకంలో ‘చేశాను’, ‘వస్తున్నాను’ అని ఉంటుంది. అక్షరాలను కూడబలుక్కుని చదివే దశలో మనిషి తనకు తెలిసిన మాట కోసం వెతుకుతాడు, దొరకకపోతే తప్పు చదివానని అనుకుంటాడు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనులకు వారి భాషలోనే వాచకాలు తయారు చేసింది, తెలుగు బడులలో వాడుకభాష కోసం పోరాడింది ఈ కారణం చేతనే. ఆచరణలో దీనికి ఒక సులువైన మార్గం ఉంది: నేర్చుకునేవారు తమ గురించి చెప్పిన రెండు మూడు వాక్యాలను వారి మాటలోనే రాసి, వాటినే మొదటి పాఠంగా చదివించాలి, కొన్ని వారాల తరువాత అవే వాక్యాలను పత్రికలో ఎలా రాస్తారో పక్కన చూపాలి. వారి మాటను తప్పు అని దిద్దకూడదు.

లెక్కల విషయానికి వస్తే, చదువురాని మనిషికి లెక్క రాదనుకోవడం పెద్ద పొరపాటు. బ్రెజిల్‌లోని రెసిఫే నగర వీధుల్లో సరుకులు అమ్మే కొద్దిమంది పిల్లల మీద 1985లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, బజారులో బేరం జరుగుతున్నప్పుడు వారు చేసిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా ఉండగా, అటువంటి లెక్కలనే అంకెలుగా కాగితం మీద పెట్టి ఇస్తే 37 శాతమే సరిపోయాయి. గాజువాక మార్కెట్లో కూరగాయలు అమ్మే స్త్రీని, కమ్మీల బరువును కంటితో అంచనా కట్టే సెంట్రింగ్ మేస్త్రీని చూసినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. నోటిలెక్క వందలతో మొదలై పదులకు, ఒకట్లకు దిగుతుంది. బడిలెక్క ఒకట్ల నుంచి ఎడమవైపు వెళుతుంది. దిశ తిరగబడటం వల్లనే లెక్క వచ్చిన మనిషి కాగితం ముందు తడబడతాడు. అందుచేత మొదట నోటిలెక్కను ఉన్నదున్నట్టు కాగితం మీద రాయించి, జవాబు సరిపోయిందని చూపించి, ఆ తరువాతే ఒకట్ల నుంచి మొదలుపెట్టే బడి పద్ధతిని పరిచయం చేయాలి.

స్థాన విలువ, అంటే అంకె నిలిచిన చోటును బట్టి దాని విలువ మారడం, ఇంకో అడ్డంకి. ‘రెండు వందల ఏడు’ అన్న మాటను విన్నది విన్నట్టు రాసి 2007 అని వేసేవారు, వెయ్యిన్నీ అయిదును 10005 అని రాసేవారు ప్రతి తరగతిలో ఉంటారు. ఒకట్లు, పదులు, వందలు అనే మూడు గడులు గీసి, రూపాయి నాణేలు, పది నోట్లు, వంద నోట్లు వాటిలో పెట్టించి, ఖాళీగా ఉన్న గడిలో సున్న రాయాలని చూపితే ఈ తప్పు రెండు మూడు రోజుల్లోనే సర్దుకుంటుంది. తెలుగు సంఖ్యల పేర్లు ఇరవై తరువాత పదులు ముందు, ఒకట్లు తరువాత అన్న వరుసలో నడుస్తాయి కాబట్టి చెప్పినట్టే రాయవచ్చు. నూరు వరకు ప్రతి సంఖ్య పేరునూ విడిగా గుర్తుంచుకోవలసిన హిందీ కార్మికుడు అదే తరగతిలో ఉంటే అతనికి ఎక్కువ వ్యవధి ఇవ్వాలి.

శాతం అనే మాట చాలామందిని బెదిరిస్తుంది గాని, నూటికి ఇంత అనే లెక్క తెలుగువారికి తరతరాలుగా తెలుసు. ఆ దారినే జీతం స్లిప్పులోకి ప్రవేశించవచ్చు. ఉదాహరణకు ఒక కాంట్రాక్టు కార్మికుడి మూలవేతనం, కరువు భత్యం కలిపి 12,000 రూపాయలు అనుకుంటే, అందులో 120 వందలు ఉన్నాయి. భవిష్యనిధికి, అంటే పీఎఫ్‌కు, కార్మికుడి వాటా నూటికి 12 కాబట్టి 120ని 12తో హెచ్చవేస్తే 1,440. ఈఎస్ఐకి 2019 జూలై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే నూటికి ముప్పావలా. 120 ముప్పావలాలు 90 రూపాయలు. మొత్తం కోత 1,530, చేతికి రావలసింది 10,470. యజమాని కూడా పీఎఫ్‌కు నూటికి 12 జమ చేయాలి, అందులో 8.33 శాతం, ఇక్కడ సుమారు వెయ్యి రూపాయలు, పింఛను నిధికి పోయి, మిగిలిన 440 కార్మికుడి ఖాతాలో పడుతుంది. ఈ కోతలను స్లిప్పులో వేలు పెట్టి చూపించగలిగి, పీఎఫ్ జమలు పాస్‌బుక్కులో పడ్డాయో లేదో పోల్చుకోగలిగిన కార్మికుడు ఇంకొకరిని అడగవలసిన అవసరం ఉండదు. ఓవర్‌టైముకు మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలన్న నియమం కూడా ఈ పాఠంలోనే చేరాలి. ఎన్ని గంటలు అదనంగా చేశారో చిన్న నోటు పుస్తకంలో తేదీతో రాసుకోవడం రాతకూ లెక్కకూ ఏకకాలంలో సాధన అవుతుంది.

అప్పు లెక్క దీనికంటే ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు మొత్తం కుటుంబం మీద పడుతుంది. డైలీ ఫైనాన్సులో తరచుగా కనిపించే పద్ధతిలో చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు, అంటే 10,000 వసూలు చేస్తారనుకుందాం. తొమ్మిది వేలకు వెయ్యి అన్నప్పుడు అది నూటికి పదకొండు లాగా, పైగా ఒకేసారి ఇచ్చే వడ్డీలాగా వినిపిస్తుంది. కానీ అసలు మొదటి రోజు నుంచే తిరిగి వెళ్లిపోతోంది. తొలినాడు 9,000 చేతిలో ఉంటే చివరినాటికి ఏమీ ఉండదు, సగటున చేతిలో ఉన్నది 4,500 చుట్టూ మాత్రమే. దానిమీద 100 రోజులకు వెయ్యి అంటే నూటికి 22, నెలకు వేసుకుంటే నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. రాష్ట్రంలో 2004 నుంచి మహిళా సంఘాలకు తెలిసిన పావలా వడ్డీ నెలకు నూటికి పావలా, అంటే ఏడాదికి 3 శాతం. దానికి ఇది పాతిక రెట్లు. ‘ఆరు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తాం’ అని ఎవరైనా నేరుగా అంటే కూర్మన్నపాలెంలో ఏ గృహిణీ ఒప్పుకోదు. రోజుకు వంద అన్న రూపంలో అదే వడ్డీ ఇంట్లోకి వస్తుంది. అప్పు ఏ రూపంలో ఉన్నా దాన్ని నెలకు నూటికి ఎంత అన్న తెలిసిన కొలతలోకి మార్చడం వయోజనుల లెక్కల పాఠాల్లో అన్నిటికంటే ముందు రావాలి, ఎక్కాల కంటే కూడా ముందు. పట్టణ సంఘాలను చూసే మెప్మా పరిధిలో సంఘం పుస్తకాలు రాసే బాధ్యత సాధారణంగా ఒకరిద్దరిదే అవుతుంది. సంఘానికి కనీసం మరొక్క సభ్యురాలు ఆ పుస్తకాన్ని చదివి సరిచూడగలిగితే ఎన్నో తగాదాలు పుట్టకముందే ఆగిపోతాయి.

ఫోనులో జరిగే డబ్బు లావాదేవీల గురించి ఒక్క నియమం చాలు. డబ్బు పంపడానికో ఖాతా నిల్వ చూడటానికో యూపీఐ పిన్ కావాలి, డబ్బు రావడానికి ఎన్నడూ అక్కర్లేదు.

కర్మాగారంలో చదువుకు ప్రాణాల విలువ ఉంటుంది. ఉక్కు కర్మాగారపు వాయు గొట్టాలలో ప్రవహించే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాన్ని గుర్తించడానికి కొలిచే పరికరం మీది అంకె, హెచ్చరిక పలక మీది రాత తప్ప మనిషి ఇంద్రియాలు సాయపడవు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే పేర్లున్న బ్లాస్టు ఫర్నేసుల దగ్గర పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ‘గ్యాస్ ప్రాంతం’, ‘ప్రవేశం లేదు’, ‘మరమ్మతు జరుగుతోంది’ అనే మూడు పలకలు చదవడం వాచకంలోని మొదటి పది పాఠాలకంటే అవసరం. పలక మీద ఉన్న ఇంగ్లిషు మాటలను తెలుగు లిపిలో రాసి నేర్పడానికి బోధకులు మొహమాటపడకూడదు.

ఇంత చెప్పినా, చాలా కేంద్రాలు వారాలలోనే ఖాళీ కావడానికి కారణం పాఠం కాదు, సమయం. ఏ షిఫ్టు ఉదయం ఆరుకు, బి షిఫ్టు మధ్యాహ్నం రెండుకు, సి షిఫ్టు రాత్రి పదికి మొదలయ్యే ఊళ్లో సాయంత్రం ఏడు గంటల రాత్రిబడికి ఒకే మనిషి అన్ని వారాలూ రాలేడు. ఇక్కడ ముప్పై మంది తరగతికంటే, ఒకే షిఫ్టులో తిరిగే ఇద్దరు ముగ్గురి జట్టు, వారి షిఫ్టుతో పాటు మారే గంట మేలు. రెండో కారణం కంటిచూపు. నలభై దాటిన తరువాత చత్వారం, అంటే దగ్గరి వస్తువులు మసకగా కనిపించడం, దాదాపు అందరికీ వస్తుంది. అక్షరాలు అల్లుకుపోతున్నాయని చెప్పుకోలేక, తనకు బుర్ర లేదనుకుని మానేసే వారికి కావలసింది ఓదార్పు కాదు, కళ్లజోడు. తరగతి మొదలయ్యే రోజునే చూపు పరీక్ష చేయించడం బోధనలో భాగంగా భావించాలి. మూడో కారణం సిగ్గు. ఇంట్లో పిల్లలు నేర్పితే సులువుగా ఉంటుందని అందరూ అంటారు గాని, పదో తరగతి చదివే కొడుకు విసుక్కున్న ఒక్క మాటకు తండ్రి జీవితాంతం పలక ముట్టకపోవచ్చు. వయసుకు తగ్గట్టు మావయ్యా, అక్కా, బాబాయ్ అని పిలిచి, మీరు అని మాట్లాడే పొరుగువారు అందుకు ఎక్కువ తగినవారు. వయసు మీరాక చదువు ఎక్కదన్న అపోహకు ఆధారం లేదు. పెద్దయ్యాక చదువుకున్న బ్రెజిల్, పోర్చుగల్ దేశస్థుల మీద జరిగి 2010లో వెలువడిన పరిశోధన, చిన్నప్పుడు బడికి వెళ్లినవారి మెదడులో అక్షరాలకు స్పందించే ప్రాంతం వీరిలోనూ స్పందిస్తున్నదని చూపింది.

నేర్చుకున్న చదువు వాడకం లేకపోతే జారిపోతుంది. దీన్ని ‘పునర్నిరక్షరాస్యత’ అంటారు. ప్రభుత్వ పథకాలు వస్తూ పోతూ ఉంటాయి. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ 2018 మార్చితో ముగిసింది, 2022 నుంచి 2027 వరకు ‘ఉల్లాస్’ పేరుతో నవభారత సాక్షరతా కార్యక్రమం నడుస్తోంది. పదిహేనేళ్లు దాటినవారి కోసం ఉద్దేశించిన ఈ కార్యక్రమంలో చదవడం, రాయడం, లెక్కలకు 50 చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంటుంది. ఒక్కొక్క దానిలో 33 శాతం వస్తే ధ్రువపత్రం ఇస్తారు. ఆ పరీక్ష ఒక మెట్టు మాత్రమే, దాని తరువాత ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే దారి తెరిచి ఉంది. అయితే ధ్రువపత్రానికీ పదో తరగతికీ మధ్య ఉన్న ఏళ్లలో ఆ మనిషి ముందు రోజూ చదవదగిన రాత ఏదో ఒకటి ఉండాలి: పెద్ద అక్షరాల కథల పుస్తకమో, సంఘం కరపత్రమో, టీ కొట్టు దగ్గరి దినపత్రికలో ఒక్క శీర్షికో.

కర్మాగారపు ఉద్యోగుల కాలనీ అయిన ఉక్కునగరంలోనూ కూర్మన్నపాలెంలోనూ చదువుకున్నవారికి కొదవ లేదు. విశ్రాంత ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు, ఉద్యోగం వెతుక్కుంటున్న డిగ్రీ పట్టభద్రులు ప్రతి వీధిలో ఉన్నారు. ఈ అధ్యాయాన్ని ఇంతవరకు చదివిన వ్యక్తి కూడా అటువంటివారే కనుక, తమ ఇంటి మెట్ల దగ్గరో, తాము పనిచేసే చోటో చదువు కోరుకునే ఒక్క మనిషికి ఏడాదిలో 200 గంటలు ఇవ్వవలసిందిగా ఇక్కడ కోరడమైనది. కార్మిక సంఘాల కార్యాలయాలు ఒక బల్ల, ఒక దీపం, ఒక దినపత్రిక సమకూర్చగలవు. మొదటి రోజు మాత్రం వాచకం తెరవకూడదు. ఆ మనిషి జేబులోనో సంచిలోనో ఉన్న కాగితాన్ని అడిగి తీసుకుని, దానిలోని తేదీతోనూ అంకెతోనూ పాఠం మొదలుపెట్టాలి.